ఒక్క సైకిలు చాలట, పెడళ్లు విడిగా కొనాలట!

సైకిళ్ల కంపెనీలకు ఈ మధ్య జ్ఞానోదయమైంది. మనిషికి ఒక్క సైకిలు చాలట! తారు రోడ్డుకూ అదే, మట్టి దారికీ అదే, ఆఫీసుకూ అదేనట. దానికి గ్రావెల్ బైక్ అనీ ఆల్ రోడ్ అనీ నామకరణం చేసి, లక్ష పైచిలుకు దక్షిణ పుచ్చుకుని మరీ ఉపదేశిస్తున్నారు.

నిన్నటిదాకా వీళ్లు చెప్పిందేమిటి? రోడ్డుకు రోడ్ బైక్, కొండకు మౌంటెన్ బైక్, ఎటూ తేల్చుకోలేనివాడికి హైబ్రిడ్. మనిషికి ఎన్ని సైకిళ్లుండాలంటే, ఉన్నవాటికి ఇంకొకటి కలిపినన్ని అని సైకిల్ పిచ్చివాళ్లలో ఓ సూత్రం కూడా ఉంది. ఆ సూత్రం నమ్మి బాల్కనీలో మూడు నిలబెట్టినవాళ్లు ఇప్పుడు నాలుగోది తెస్తున్నారు. 'ఇక ఇదొక్కటే' అని ఇంట్లో ప్రమాణం. పాత మూడూ మాత్రం అమ్మరు.

ఇంతకీ ఈ కొత్త సైకిలు మహిమంతా వెడల్పాటి టైరులో ఉంది. 23 మిల్లీమీటర్ల సన్న టైరే దివ్యమని ఏళ్ల తరబడి ఊదరగొట్టారు. అది మెల్లగా 25 అయింది, 28 అయింది, 32 దాకా ఒళ్లు చేసింది. గ్రావెల్ బైకుకు వచ్చేసరికి 40. పొద్దున్నే పాలాయన వచ్చినప్పుడు ఆయన నల్ల సైకిలు పక్కన కాస్త వంగి టైరు మీద అక్షరాలు చదవండి. 28 × 1½ అని ఉంటుంది. కొత్త కొలతల్లో రాస్తే 40-635. వెడల్పు, అక్షరాలా నలభై!

ఆ సైకిలే క్యాన్లు మోసింది, గడ్డిమోపు మోసింది, బారు మీద పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని బడికెళ్లింది. 1960లలో తుంబా రాకెట్ కేంద్రంలో రాకెట్ ముక్కుభాగాన్ని సైకిల్ క్యారేజీ మీద పెట్టి తోసుకెళ్తున్న ఫొటో చాలామంది చూసే ఉంటారు. దాన్నెవరూ స్పేస్ బైక్ అని అమ్మలేదు. అలాంటి సైకిళ్లు చేసిన అట్లాస్ కంపెనీ తన చివరి ఫ్యాక్టరీని 2020 జూన్ 3న ఆపేసింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.

నల్ల సైకిలు మహా బరువు, వానలో దాని కడ్డీ బ్రేకులకు దేవుడే దిక్కు. గేర్లూ డిస్క్ బ్రేకులూ మంచివే, కాదనను. కానీ ఈ సర్వకార్యసమర్థ వాహనానికి చాలావరకు స్టాండు ఉండదు, మడ్‌గార్డు ఉండదు, క్యారేజీ ఉండదు. అవి బిగించుకోవడానికి బొక్కలు మాత్రం ఇస్తారు. ఎన్ని బొక్కలుంటే అంత ప్రతిభ అని ప్రకటనల్లో లెక్క చెబుతారు కూడా. ఖరీదైన వాటికైతే పెడళ్లు సైతం విడిగా కొనాలి. తొక్కడం అదనపు సదుపాయమన్నమాట!

ఇన్ని దారులు తొక్కగల ఈ వీరుణ్ని ఆదివారం కారు వెనక కట్టి హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న ట్రాకుకు తీసుకెళ్తారు. 23 కిలోమీటర్లు, నున్నటి నేల, నెత్తిన సోలార్ పలకల నీడ. గులకరాయి కూడా తగలదు.

అయ్యా, ఒక్క సైకిలు మాట నిజంగా మంచిదే. బాల్కనీలో ఉన్నవాటిలో లావు టైరు పట్టేదేదో చూడండి. వీధి చివర సైకిల్ షాపులో క్యారేజీ, మడ్‌గార్డులు, స్టాండు, గంట బిగించమనండి. మిగతా రెండూ అమ్మేయండి. నాలుగోది కొనకండి.