రిమోటు దీపిక: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. మాకు అట్లాంటి ఒట్టేమీ లేదు. ఉన్న మూలమే నాలుగు పాదాలు. ఒట్టు పెట్టుకుంటే పేజీ నిండదు.

ఈ పద్యం ఉరవకొండలో, మా ఇంటికి మూడిళ్ళ అవతల, మగ్గం గుంత పక్క గోడమీద సుద్దముక్కతో రాసి ఉండగా దొరికింది. పైన శనక్కాయల లెక్క, కింద పాల లెక్క, నడుమ పద్యం. కవి ఎవరో తెలియదు. కాలం మాత్రం కొంత చెప్పవచ్చు. మాటీవీలో నాగార్జున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మొదలుపెట్టింది 2014 జూన్‌లో, కాబట్టి అంతకు ముందుది కాదు. నాలుగో పాదంలో కరెంటు పోవడాన్ని బట్టి సంవత్సరం తేలుద్దామని ఒక మిత్రుడు కూర్చున్నాడు గానీ, ఆ ప్రమాణం ఏ ఏటికైనా సరిపోతోందని మానుకున్నాడు.

మూలము

ప్రశ్న యొకటి, నాల్గు బాటలు ముందర;
ఫోనులోన బావ; పోతె పోయె;
లాకు చేయమనెడి లక్షల దొరగారి
పలుకు ముగియువేళ పవరు వోయె.

ప్రతిపదార్థము

ప్రశ్న = అడుగబడునది; ఒకటి = ఒక్కటే, రెండవదానికి పోవుట మన చేతిలో లేదు; ముందర = ఎదుట, అనగా పెట్టెలో; నాల్గు బాటలు = నాలుగు ఆప్షన్లు; ఫోనులోన = సిగ్నలున్నచో; బావ = అక్క మగడు; పోతె పోయె = (దీనిని ముందు విచారింతుము); లాకు చేయమనెడి = తాళము వేయుదునా అని అడిగెడి; లక్షల దొరగారి = యాంకరుయొక్క; పలుకు = మాట; ముగియువేళ = సరిగ్గా జవాబు చెప్పబోవు తరుణమున; పవరు = కరెంటు; పోయె = పోయెను.

తాత్పర్యము

చదివినవాళ్ళకు తెలిసిందే.

ఛందస్సు

ఆటవెలది. ఇక్కడ కవి గడుసుతనం గమనించాలి. విషయం ఆట, వెలది అంటే స్త్రీ. ఈటీవీలో ‘స్టార్ మహిళ’ను ఏళ్ళ తరబడి నడిపిన సుమగారిని తలచుకునే ఈ ఛందస్సు పట్టాడని ఒక వ్యాఖ్యాత. మరి మూడో పాదంలో ‘దొరగారు’ అన్నాడే, కనక తేటగీతి పట్టి ఉండవలసిందని ఇంకొకాయన. తేటగా ఉన్నది ఆటలో ఏముందని మొదటాయన జవాబు. ఇద్దరూ నెలరోజులు మాట్లాడుకోలేదు.

‘ప్రశ్న యొకటి’

మన సంప్రదాయంలో ప్రశ్న ఎప్పుడూ ఒకటి కాదు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఒక్క అవధానిని చుట్టుముడతారు. సమస్య ఇచ్చేవాడొకడు, దత్తపది ఇచ్చేవాడొకడు, అక్షరం అక్షరానికీ అడ్డుపడే నిషిద్ధాక్షరివాడొకడు. ఇంతా చేసి నెగ్గితే ఒక శాలువా, ఒక కొబ్బరికాయ. టీవీ దీన్ని తలకిందులు చేసింది. అడిగేవాడు ఒక్కడు, చెప్పేవాళ్ళు వారం వారం మారతారు, శాలువా బదులు చెక్కు.

అయినా తరచి చూస్తే మన అవధానాంగాలే ఒక్కొక్కటీ ఓడెక్కి పోయి అక్కడ ఒక్కో ఆటగా కాపురం పెట్టాయా అనిపిస్తుంది. అమెరికాలో 1964లో మొదలైన ‘జెపర్డీ’ చూడండి. జవాబు వాళ్ళే చెప్తారు, దానికి తగిన ప్రశ్న పోటీదారు చెప్పాలి. ఇది సమస్యాపూరణం కాక మరేమిటి? చివరి పాదం చేతిలో పెట్టి మొదటి మూడూ తెమ్మనడమే కదా. 1975 నాటి ‘వీల్ ఆఫ్ ఫార్చ్యూన్’లో అక్షరాలు దాచేస్తారు. హల్లు అడిగితే ఊరికే చూపిస్తారు, అచ్చు కావాలంటే 250 డాలర్లు కట్టాలి. తెలుగు వ్యాకరణంలో అచ్చులకు ప్రాణాలని పేరు, హల్లులకు ప్రాణులని. ప్రాణి ఉచితం, ప్రాణం మాత్రం డబ్బు పెట్టి కొనుక్కోవాలి! ఆ ఆట కట్టినవాడికి మన వ్యాకరణం తెలిసి ఉండదు గానీ, పెద్దాసుపత్రుల సంగతి తెలిసే ఉండాలి.

ఘంటాగణనం కూడా మారింది. అవధానంలో కొట్టిన గంటలు లెక్కపెట్టాలి, టీవీలో గంట కొట్టినవాడిదే ముందు వంతు. ఇక అప్రస్తుత ప్రసంగం. ఎనిమిదింట ఒకటిగా ఉండాల్సిన ఈ అంగం టీవీలో ఏడు పాళ్ళు కబళించింది. ‘మీ ఆవిడ వంట బాగుంటుందా’, ‘మా సినిమాల్లో మీకేది ఇష్టం’, ‘ఒక స్టెప్పు వెయ్యండి’. అసలు ప్రశ్న వచ్చేసరికి మా వీధిలో సగం ఇళ్ళు నిద్రపోతాయి.

‘నాల్గు బాటలు’

1998 సెప్టెంబరు 4న ఇంగ్లండులో క్రిస్ టారెంట్ అనే దొర నడుపగా మొదలైన ఆటే మన ‘కోటీశ్వరుడు’. నాలుగు జవాబులు ముందే పెట్టి ఒకటి ఏరుకోమనడం, పదిహేను మెట్లు ఎక్కించడం దాని పద్ధతి. 2000 జూలై 3న అమితాబ్ బచ్చన్‌తో హిందీలోకి వచ్చింది. మన భాషకు చేరేసరికి మరో పద్నాలుగేళ్ళు పట్టింది. నాగార్జున తరవాత 2017లో చిరంజీవి, 2021లో జెమినీ టీవీలో పేరు అటూ ఇటూ తిప్పి జూనియర్ ఎన్టీఆర్. ఆ ఏడే తెలంగాణ పోలీసు ఎస్సై ఒకాయన కోటి గెలిచాడు.

ఈ ఆటకు కాగితం మీద పెట్టుకున్న తొలి పేరు ‘క్యాష్ మౌంటెన్’. అంటే డబ్బుకొండ. మాది ఉరవకొండ. కొండ పడగెత్తిన పాములా ఉంటుంది కాబట్టి ఉరగకొండ, అదే ఉరవకొండ అయిందని పెద్దలంటారు. డబ్బుకొండ ఎక్కాలంటే పదిహేను మెట్లు, దిగాలంటే ఒక్క తప్పు జవాబు. వైకుంఠపాళీ ఆడినవాళ్ళకు పడగ కింద నిచ్చెన ఉండదని వేరే చెప్పనక్కరలేదు.

నాలుగు బాటలంటే మా ఊళ్ళో ఇంకో అర్థముంది. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే సగటు. అదీ ఎప్పుడు పడుతుందో చెప్పదు. ఏటా జూన్‌లో రైతు ముందు ఒకే ప్రశ్న: ఈసారి ఏం పెట్టాల? ఆప్షన్ ఏ, శనక్కాయ. బీ, కంది. సీ, ఆముదం. డీ, బెంగళూరు.

‘ఫోనులోన బావ’

ఈ ఆటలో పోటీదారుకు మూడు ఆధారాలుంటాయి: నాలుగింట రెండు చెరిపేయడం, సభను అడగడం, ఆప్తుడికి ఫోను చేయడం. పెన్నహోబిలం నరసింహస్వామికి మొక్కుకోవడం నాలుగోది. దాన్ని వాళ్ళు లెక్కలో వెయ్యరు, మావాళ్ళు వేస్తారు.

ఆప్తుడు అనగానే కవి స్నేహితుడని అనలేదు, గురువని అనలేదు, బావ అన్నాడు. ఇది ఔచిత్యం. స్నేహితుడు తెలియకపోతే తెలియదంటాడు. గురువు తెలిసినా పాఠం మొదట్నుంచీ మొదలుపెడతాడు, ఉన్నది అర నిమిషం. బావ ఒక్కడే తెలియకపోయినా ఖాయంగా చెప్తాడు.

ఫోనులో కాక సభలోనే బావను కూర్చోబెట్టుకుంటే ఏమవుతుందో ఇంగ్లండులో తేలిపోయింది. 2001లో చార్లెస్ ఇంగ్రమ్ అనే సైనిక మేజరు పది లక్షల పౌండ్ల మెట్టు దాకా పోయాడు. సరైన ఆప్షను పలికినప్పుడల్లా సభలో ఒకరు దగ్గారని టేపులు తిరగేసి పట్టుకున్నారు. 2003లో కోర్టు ఆయననూ, భార్యనూ, దగ్గినాయననూ దోషులన్నది. మా ఊళ్ళో ఈ కేసు నిలవదు. ఎండాకాలం ఎర్రదుమ్ములో దగ్గనివాడెవడు?

నా సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 2014లో నేనూ ఎస్సెమ్మెస్‌లు పంపాను. ఆప్తుడి కింద మా బావ పేరు అనుకున్నాను. బావది బళ్ళారి, నూలు వ్యాపారం. మాట చెప్పిన మర్నాడే ఆయన సందర్భ గ్రంథం ఒకటి కొని, రాజధానులన్నీ కంఠతా పట్టి, సెల్లు చొక్కా పైజేబులో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ‘ఎన్ని గంటలకు చేస్తారో కనుక్కో, అంగట్లో సద్దుగా ఉంటాది’ అన్నాడు.

‘పోతె పోయె’

పద్యానికి ప్రాణం ఇక్కడుంది. పోయింది ఏమిటి? కవి కర్త పేరు చెప్పలేదు. డబ్బు పోతే పోయిందని ఒకరు. సిగ్నలు పోయిందని ఇంకొకరు. ‘ఫోనులోన’ పక్కనే ఉంది కాబట్టి సాన్నిధ్యం వల్ల ఇదే బలమైన అర్థమంటారు. బావే పోయాడని మూడో ఆయన చెప్పబోతే ఆయన భార్య గదమాయించింది.

మా మతం వేరు. ఇది ఎవరి విషయంలోనూ అన్నది కాదు, ఊరి మాట. విత్తనం చల్లి ఆకాశం చూసినప్పుడు అనేది ఇదే. తొలకరి వాన వెలిసిన మర్నాడు మా పక్కనే వజ్రకరూరు పొలాల్లో చూడండి. వాన కడిగిన ఎర్రమట్టిలో ఏదైనా తళుక్కుమంటుందేమోనని సద్ది కట్టుకుని, వంగిన నడుము ఎత్తకుండా వందలమంది. వజ్రం దొరికినవాళ్ళున్నారు, అందుకే మిగతావాళ్ళు వస్తూనే ఉన్నారు. యాంకరు లేడు, ఆప్షన్లు లేవు, పొద్దుగూకితే ఆట ముగిసింది. ‘ఏమన్నా దొరికెనా?’ ‘లేదప్పా. పోతే పోయె, రేపొస్తాం.’

‘డీల్ ఆర్ నో డీల్’ అనే ఆట ఒకటుంది, పుట్టింది నెదర్లాండ్స్‌లో. ఇందులో చదువుతో పనిలేదు. మూసిన పెట్టెలు ఇరవైపైగా, ఒక్కోదాంట్లో ఒక్కో మొత్తం. తెరుస్తూ పోవాలి. నడుమ నడుమ బ్యాంకరు ఫోను చేసి ఇంత ఇస్తాను, ఆగుతావా అంటాడు. దాన్ని చూసి మా చిన్నాయన ‘ఇది బోరు గదప్పా’ అన్నాడు. విసుగని కాదు, బోరుబావి అని.

నిజమే. చిన్నాయన చేలో బోరు వేసిన రాత్రి నేనున్నాను. పాయింటు పెట్టే ఆయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగాడు. ఒకచోట అది నిలువుగా లేచి నిలబడింది. అక్కడ సున్నంతో గుర్తు. రాత్రి పదికి బోరు బండి వచ్చింది. మొదట ఎర్రపొడి లేచింది, తరవాత తెల్లపొడి, తరవాత బూడిదరంగు. పొడి తడిస్తే గెలుపు. అంతా పొడి చూస్తున్నారు, ఎవరూ మాట్లాడరు. మూడొందల అడుగుల దగ్గర సూపర్‌వైజరు చెయ్యెత్తి ఇంజను ఆపించాడు. ఆ ఒక్కసారిగా కమ్మిన నిశ్శబ్దంలో, చిన్నాయన మొహం చూస్తూ, నిదానంగా అడిగాడు: ‘ఇంకో రెండు రాడ్లు దింపమంటారా?’

‘లాకు చేయమనెడి లక్షల దొరగారి’

కనక దొరగారు ఎవరన్నది తేలినట్టే. నాగార్జున అడిగినా, చిరంజీవి అడిగినా, ఎన్టీఆర్ అడిగినా నేను విన్నది ఆ సూపర్‌వైజరు గొంతే. అడిగేవాడికి తొందర ఉండదు. రాడ్డు దిగినా దిగకపోయినా వాడి బాడుగ వాడిది.

ఆటల రకాలెన్నైనా, అన్నిట్లో అమ్ముడుపోయేది జవాబు కాదు, జవాబుకు ముందున్న ఈ ఆగడం. డప్పు మోగుతుంది, దీపాలు కిందికి వాలుతాయి, కెమెరా పోటీదారు తల్లి కళ్ళమీదికి పోతుంది, ప్రకటనలు వస్తాయి. ఈటీవీ ‘క్యాష్’లో నిలబెట్టిన వస్తువు జారి కిందపడి పగిలేముందు కూడా ఇదే. మా అమ్మ ఆ ఆట చూడలేకపోయేది. పగిలే టీవీ, ఫ్రిజ్జు చూసి ‘పనికొచ్చేటివి గదరా’ అని లేచి పోయేది.

లాకు అంటే కాలవ తలుపని కూడా అర్థముంది. కోస్తాలో లాకు ఎత్తితే నీళ్ళొస్తాయట, టీవీలో లాకు వేస్తే డబ్బులొస్తాయట. రెండూ మేం పెట్టెలోనే చూశాం.

‘పవరు వోయె’

పవరు + పోయె, గసడదవాదేశము చేత ‘వోయె’ అయింది. పోవడంలోని ‘ప’ కూడా పోయిందన్నమాట. కరెంటు ఎంత సమూలంగా పోయిందో సంధితో చూపిన కవి ఇతడొక్కడే.

పాఠాంతరం: గోడమీద చివరి మాట ‘వచ్చె’ అని ఉందని మగ్గంమీది ఆయమ్మ అంటుంది. గణం కుదురుతుంది, యతికి ఢోకా లేదు. కానీ అర్థం కుదరదన్నాం. ‘ఎందుకు కుదరదు? మాకు త్రీఫేజు రాత్రిళ్ళే గద వచ్చేది. టీవీ ముందర నుంచి లేచి మోటరు ఎయ్యను పోవాల్సిందే’ అంది. ఈ పాఠం కూడా నిలుస్తుంది.

శంక: ఇంతకూ చిన్నాయన బోరు ఏమైంది? సమాధానం: రెండు రాడ్లు దింపారు. పొడి పొడిగానే వచ్చింది.

శంక: బావకు ఫోను వచ్చిందా? సమాధానం: నాకే రాలేదు, ఆయనకెట్లా వస్తుంది. కానీ ఆ మాట బావకు నేను సూటిగా చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఇప్పటికీ తెలియని నంబరు వస్తే ఒక్క రింగుకే ఎత్తుతాడు. ఆమధ్య సంక్రాంతి సామాన్లకు బళ్ళారి పోయి ఆయన అంగట్లో కూర్చున్నాను. సెల్లు మోగింది, అప్పు కావాలా అని ఎవరో అమ్మాయి. బావ కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని అన్నాడు: ‘చెప్పమ్మా, ఆప్షన్లు చెప్పు.’