వెనక్కి నొక్కితే

మా రోజుల్లో ఫోనుకు ప్రోగ్రాం రాయడమంటే జేటూఎంఈ. కొన్ని నోకియా సెట్లలో జార్ ఫైలు 64 కేబీ దాటితే ఎక్కేదే కాదు. ఒక్కో సెట్టుకు ఒక్కో పేచీ. అయితే ఆ పేచీ ఏమిటో ఒకసారి తెలిసిందంటే తెలిసినట్టే, తెల్లారేసరికి మారిపోయేది కాదు. 2000 నాటి జేటూఎంఈ ప్రమాణం ఎంఐడీపీ 1.0 కోసం రాసింది, 2002లో 2.0 వచ్చాక కూడా మేం చెయ్యి పెట్టకుండానే నడిచింది.

ఇప్పుడు ఫ్లట్టర్. 2018 డిసెంబరులో 1.0 వచ్చిన దగ్గర్నుంచీ దాంతోనే బతుకుతున్నాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది. ఫ్లాట్‌బటన్ పోయి టెక్స్ట్‌బటన్ వచ్చింది. హెడ్‌లైన్1 డిస్‌ప్లేలార్జ్ అయింది. ఆ తర్వాత మెటీరియల్‌స్టేట్ కాస్తా విడ్జెట్‌స్టేట్ అయింది. నల్ సేఫ్టీ మీద నాకే ఫిర్యాదూ లేదు. 2021లో అది వచ్చినప్పుడు వారాల తరబడి కూర్చుని ఒక్కో ఫైలూ మార్చాం. మారుస్తుంటే ఏళ్ళుగా దాక్కున్న తప్పులు బయటపడ్డాయి. అలాంటి మార్పుకు ఎంత చాకిరీ అయినా చేస్తాను. ఉత్త పేరు మార్పిడికి చేయాలంటేనే ఒళ్ళు మండుతుంది.

అంతకన్నా మంట మా కుర్రాళ్ళ పద్ధతి. ఎడిటర్ పాత పేరు మీద గీత కొట్టి చూపిస్తే, పైన ఒక ఇగ్నోర్ లైను పెట్టి నోరు నొక్కేస్తారు. పాత పేరును కనీసం ఏడాది పాటు ఉంచేది మనం సర్దుకోవడానికి. ఆ ఏడాదంతా నిద్రపోయి, రిలీజుకు ముందు రాత్రి అప్‌గ్రేడ్ కొడతారు.

మా యాప్ ఒకటుంది, పల్లెల్లో ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునేవాళ్ళ కోసం. నలభై ప్రశ్నల ఫారం. మధ్యలో వెనక్కి నొక్కితే ‘సేవ్ చేయలేదు, వెళ్ళిపోవాలా?’ అని అడిగేది. ఆ పని విల్‌పాప్‌స్కోప్ చేసేది. 3.16 నాటికి దాన్ని వద్దని పాప్‌స్కోప్ వాడమన్నారు. ఇది ఉత్త పేరు మార్పు కాదు. పాతదాంట్లో నొక్కాక ఆగి అడగొచ్చు. కొత్త ఆండ్రాయిడ్‌లో వేలు జరుపుతుండగానే వెనకున్న తెర తొంగి చూస్తుంది గనక, పోనివ్వాలో వద్దో నొక్కకముందే చెప్పి ఉంచాలి. మా కుర్రాడు అది చెప్పే క్యాన్‌పాప్‌ను ట్రూగా వదిలేసి, ప్రశ్న అడిగే ముక్కను కింద అతికించాడు. దాంతో ఫారం ముందు పోయింది, ప్రశ్న తర్వాత వచ్చింది.

ఒకామె ఫోన్ చేసింది. “సార్, ముప్పై ఎనిమిదో ప్రశ్న దాకా వచ్చాను. వేలు తగిలింది, అంతా పోయింది. మళ్ళీ ఆ ఇంటికెళ్ళి ఏమని అడగను?”

“వలస గైడు చదివావా?” అన్నాను మా వాడితో.

“లేదు సార్. ఎడిటర్ కొత్త పేరు చూపించింది, పెట్టేశాను.”

పాత కోడూ కొత్త కోడూ పక్కపక్కన పెట్టి రాసిన గైడది. చదవడానికి పది నిమిషాలు. మేం రిలీజ్ నోట్స్ ప్రింటు తీసుకుని, పెన్సిలుతో గీతలు గీసుకుంటూ కడదాకా చదివేవాళ్ళం. అర్థం కానిచోట అప్‌గ్రేడ్ ఆగిపోయేది.

ఆ సాయంత్రం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. వేరే బ్రాంచి తీయించాను. డార్ట్ ఫిక్స్‌ను ముందు డ్రై రన్‌లో నడిపి, అది ఏమేం మారుస్తానంటోందో ఒక్కొక్కటీ చదివించాను. పేర్ల సంగతి అది చూసుకుంటుంది, అర్థం మారినచోట చేత్తోనే మార్చాలి. ఫారంలో ఒక్క అక్షరం పడినా క్యాన్‌పాప్ ఫాల్స్ కావాలని వాడే రాశాడు. పాత ఫోనొకటి, కొత్త ఫోనొకటి చేతికిచ్చి, మీట నొక్కీ అంచు నుంచి వేలు జరిపీ వెనక్కి వెళ్ళి చూడమన్నాను. రెండింట్లోనూ ప్రశ్న ముందే వచ్చింది.

దిద్దింది పట్టుమని పది లైన్లు లేదు. ఆమె మాత్రం మర్నాడు పొద్దున్నే ఆ ఇంటికి మళ్ళీ నడిచి వెళ్ళింది.