పేదోడి ఓటుకు షావుకారి దిగులు

బరంపురం బడా బజార్‌లో మా బావగారి బట్టల కొట్టు అరుగు మీద అమెరికా ఎన్నికలు రోజూ సాయంత్రం ఆరుకి మొదలై షట్టరు దించే వేళకి ముగుస్తాయి. అమెరికావాళ్లకి నాలుగేళ్లకోసారి చాలు. మాకంత ఓపిక లేదు.

2024 నవంబరులో, ట్రంప్ మళ్లీ గెలిచిన మూడోనాడు, న్యూజెర్సీ నుంచి మేనల్లుడి ఫోను. బావగారు దాన్ని గజంబద్దకి ఆనించి స్పీకరు పెట్టారు. కొడుకు అమెరికాలో ఉన్నాడని బజారంతటికీ వినపడాలి కదా.

"మామయ్యా, కెంటకీలో ఓవ్స్‌లీ కౌంటీ అని ఒకటుంది. దేశంలో కటిక పేద కౌంటీల్లో అదొకటి. సర్కారు ఆహార కూపన్లు లేకపోతే చాలా ఇళ్లలో పొయ్యి వెలగదు. ఆ కూపన్లకి కోత పెడతామనే పార్టీకి నూటికి ఎనభై పైన గుద్దారు. 2016లో అంతే, 2020లో అంతే, ఇప్పుడూ అంతే. కూర్చున్న కొమ్మ నరుక్కోవడం కాదా ఇది?"

వాడి గొంతులో నిజంగానే దుఃఖం ఉంది. వాడికి అక్కడ ఓటు లేదు. గ్రీన్‌కార్డు వరసలో పన్నెండేళ్లుగా నిలబడి ఉన్నాడు. ఇక్కడి జాబితాలో పేరుందో పోయిందో చూసుకోలేదు. పెళ్లికి పిలుపు లేనివాడికే పప్పులో ఉప్పు తగ్గిందని బెంగ.

"చదువు లేదురా నాన్నా వాళ్లకి," అని బావగారు నిట్టూర్చారు. కౌంటరు మీద పరిచిన బరంపురం పట్టుచీర కుంభాల అంచు ఆ గాలికి కాస్త లేచి పడింది.

బావగారి చదువు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన ఓటు చరిత్ర నాకు కంఠతా వచ్చు. 1996లో పి.వి. నరసింహారావుగారు ప్రధాని గద్దె మీద ఉండగా నంద్యాలలోనూ మా బరంపురంలోనూ నిలబడ్డారు. రెండు చోట్లా గెలిచి, నంద్యాల వదిలేసి మమ్మల్ని ఉంచుకున్నారు. బావగారు ఓటేసింది ఆర్థిక సంస్కరణలు చూసి కాదు. అవేమిటో ఆయనకి అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. 1936 ఏప్రిల్ 1న మా గంజాం ఒరిస్సాలో కలిసినప్పటి నుంచీ మా వీధుల్లో మానని పుండు ఒకటుంది. మన భాషవాడు వచ్చి దాని మీద వెన్న రాశాడు. బావగారు గుద్దేశారు. ఆ ఓటు పేరు ఆత్మగౌరవం. అదే ఓటు కెంటకీ కొండల్లో వేస్తే దాని పేరు అజ్ఞానం.

2009లోనూ 2014లోనూ ఆయన ఓటు ఒడియా సినిమా హీరో సిద్ధాంత్ మహాపాత్రకి పడింది. మా అక్కకి ఆ హీరో సినిమాలంటే ఇష్టం. ఇందులో బావగారి ఆర్థిక ప్రయోజనం ఏమిటంటారా, రాత్రి భోజనం.

మేనల్లుడు అక్కడితో ఆగలేదు. అదే కెంటకీలో ఇలియట్ కౌంటీ అని ఇంకొకటి ఉందట. 1872 నుంచి 2012 దాకా ఒక్క అధ్యక్ష ఎన్నికా తప్పకుండా డెమోక్రాట్లకే వేసింది. 2016లో మొదటిసారి ట్రంప్ వైపు తిరిగింది. "144 ఏళ్ల తర్వాత మనసు మార్చుకున్నారు మామయ్యా!" అని వాపోయాడు. పాపం, అంత శ్రమ వాళ్లకెందుకో. మా దగ్గర ఓటరు మనసు మార్చుకోనక్కర్లేదు, అభ్యర్థులే ఆ కష్టం పడతారు. 2024లో బరంపురం లోక్‌సభకి కమలం గుర్తు మీద నిలబడి గెలిచిన ప్రదీప్ పాణిగ్రాహి ఒకప్పుడు శంఖం గుర్తు బీజేడీ మనిషి. శంఖం గుర్తు మీద నిలబడ్డ భృగు బక్షిపాత్ర అంతకు ముందు 2019లో కమలం అభ్యర్థి. ఆ 2019లో శంఖం మీద గెలిచిన చంద్రశేఖర్ సాహు 2004లో గెలిచింది హస్తం గుర్తు మీద. ఓటరు కదలకుండా నిలబడితే చాలు, పార్టీలే ప్రదక్షిణం చేస్తాయి.

"అధ్యక్షుల సంగతి మాకు చెప్తావేట్రా? వి.వి. గిరిగారు పుట్టిందే ఈ ఊళ్లో," అన్నారు బావగారు. నిజమే. 1969లో రాష్ట్రపతి గద్దెకి గిరిగారికీ నీలం సంజీవరెడ్డిగారికీ పోటీ. ఇద్దరూ తెలుగువాళ్లే. ఎంపీలూ ఎమ్మెల్యేలూ తమ పార్టీ మాట వినాలా, అంతరాత్మ మాట వినాలా అన్న పేచీ వచ్చింది. ఇందిరాగాంధీగారు అంతరాత్మనే వినమన్నారు. అదేం చిత్రమో గాని, చాలామంది అంతరాత్మలు సరిగ్గా ఆవిడ అన్నట్టే అన్నాయి. మొదటి లెక్కలో తేలక రెండో ప్రాధాన్యం ఓట్లు లెక్కపెడితే గిరిగారు గట్టెక్కారు. చదువుకున్నవాళ్ల ఓటు అంటే అలా ఉంటుంది మరి. ఇక అమెరికాలో 2016లో హిల్లరీ క్లింటన్‌కి 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ పడితే గద్దె ట్రంప్‌కి దక్కింది. అన్నేసి ఓట్లు ఎక్కువ తెచ్చుకుని ఇంటికెళ్లిపోవడం మా ఊళ్లో వార్డు ఎన్నికల్లో కూడా చూళ్లేదు.

ఓవ్స్‌లీ పక్కనే బ్రెథిట్ కౌంటీ. ఆ ఎన్నికల్లో ఉపాధ్యక్షుడిగా గెలిచిన జె.డి. వాన్స్ అమ్మమ్మా తాతయ్యల ఊరు అక్కడే. ఆ కొండ పేదల గురించి 2016లో పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. భార్య ఉష చిలుకూరి మన తెలుగింటి ఆడపడుచు. తణుకు దగ్గర వడ్లూరులో ఆ జంట గెలవాలని గుళ్లో పూజలు చేశారు. ఏ కూపన్లు పోతాయో, ఏ వీసాలు ఆగుతాయో లెక్క వేసుకోలేదు. అల్లుడు గెలవాలి, అంతే. మా బావగారు టీవీలో అది చూసి కళ్లు తుడుచుకున్నారు. ఓవ్స్‌లీవాళ్లది మాత్రం అజ్ఞానం.

అంతసేపూ మెట్ల మీద బట్టల మూటకి ఆనుకుని, గాజు గ్లాసులో టీ ఊదుకుంటూ ఒక ముసలాయన కూర్చున్నాడు. బజారులో మూటలు మోస్తాడు. దిగపహండి వైపు పల్లె. కొడుకు సూరత్ మరమగ్గాల్లో పనిచేస్తాడు, మా జిల్లాలో వేలమంది కొడుకుల్లాగే. సందు దొరికేసరికి గ్లాసు కింద పెట్టి ఫోన్ వైపు వంగాడు.

"కూపన్లు ఇస్తన్నారు, సరే. పని ఇస్తన్నారా బాబూ?"

"పనా... ఆ చుట్టుపక్కల బొగ్గు గనులు మూతపడిపోయాయి తాతా."

"తెస్తానని ఎవులైనా చెప్పేరా?"

"ట్రంప్ చెప్పాడు. తేలేదు. హిల్లరీ ఏమో గనులు మూయించేస్తామని నోరు జారింది."

"తేలేదు సరే. చెప్పేడు కదా?"

న్యూజెర్సీ నుంచి శబ్దం లేదు. సిగ్నలు పోయిందనుకున్నాం, పోలేదు.

ముసలాయన ఆగకుండా తన లెక్క చెప్పాడు. ముఖ్యమంత్రిగా నవీన్‌బాబు 2008లో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చాడు. 2013లో రూపాయికే ఇచ్చాడు. తిన్నాం. శంఖానికి వేశాం. 24 ఏళ్లు కూర్చోబెట్టాం. "మరి నా కొడుకు ఇప్పటికీ సూరత్‌లోనే ఉన్నాడు కదా?"

సూరత్‌లో ఉన్న కొడుక్కి ఇంకో ముచ్చట జరిగింది. 2024లో సూరత్ లోక్‌సభకి అసలు పోలింగే లేదు. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ చెల్లలేదన్నారు, మిగతావాళ్లు తప్పుకున్నారు, ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవం. బతుకున్న చోట ఎన్నిక లేదు. ఎన్నిక ఉన్న చోటికి రావాలంటే రైలు ఖర్చు, వారం కూలీ పోతుంది. కుర్రాడు రాలేదు.

"మీ అమెరికాలో ఓటుకి సెలవిస్తారా బాబూ?" అని ముసలాయన మళ్లీ అడిగాడు.

"లేదు తాతా. ఎప్పుడూ మంగళవారమే. దేశమంతటికీ సెలవంటూ లేదు."

"అయితే పూట కూలీ పోగొట్టుకుని వెళ్లేరన్నమాట." ఎవరో తెలిసిన చుట్టాల సంగతి విన్నట్టు తలూపాడు. "నేనూ అంతే. తెల్లారగట్టే మా ఊరెళ్లి, వరసలో మొదట నిలబడి, ఓటేసి, మొదటి బస్సుకే తిరిగొచ్చేసేను. కొట్టు కాపలాకి."

"సెలవు కదా, కాపలా ఏమిటి?" అన్నాను నేను.

"బాబుగారు ఊళ్లో లేరు కదా మరి. తాళాలు నాకిచ్చి వెళ్లేరు."

నేను బావగారి వైపు చూశాను. 2024 మే 13, సోమవారం, మా పోలింగు రోజు. ఆదివారం కలిసొచ్చింది. విశాఖ వెళ్దామంటే ఆంధ్రాలోనూ అదే రోజు పోలింగు, కొట్లూ హోటళ్లూ తీస్తారో తీయరో అని, 25 దాకా పోలింగు గొడవ లేని పూరీకి కుటుంబ సమేతంగా వెళ్లారు. సముద్రం ముందు చల్లటి గాలికి కండువా ఎగురుతున్న ఫోటో ఇప్పటికీ ఆయన వాట్సాప్‌లో ఉంది.

"ఏటయ్యా ఆ కబుర్లు," అన్నారు బావగారు, గజంబద్ద మీంచి ఫోను తీసి స్పీకరు ఆపేస్తూ. "ఆ మూట లోపల పెట్టు. మంచు కురుస్తోంది."