ఎడిటరమ్మ కష్టాలు

మాదాపూర్‌లో ఓ ఇంటర్నేషనల్ స్కూలు. పిల్లల పత్రికకు ఎడిటర్ తొమ్మిదో క్లాసు పాప. ‘మన ఆటస్థలంలో బస్సులెందుకు పెడుతున్నారు?’ అని రాసిందనుకోండి. ‘కాస్త పాజిటివ్‌గా రాయమ్మా’ అంటారు ప్రిన్సిపాల్ మేడమ్. అచ్చయ్యేసరికి అది ‘మా రవాణా సదుపాయం భేష్’! పక్కనే నాలుగు కాలమ్‌ల ఛైర్మన్ గారి చిరునవ్వు.

1983లో అమెరికాలోని హేజిల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్ ప్రిన్సిపాల్ పిల్లల పత్రికలో రెండంటే రెండు పేజీలు పీకేశారు. పిల్లలు కోర్టుకెక్కారు. 1988లో సుప్రీంకోర్టు స్కూలు వైపే మొగ్గింది, అది వేరే సంగతి. ఇక్కడ కోర్టుదాకా ఎందుకు? సైబర్ టవర్స్ సిగ్నల్ దగ్గర ఇరుక్కున్న నాన్నే ఫోన్ కొడతాడు: ‘మేడమ్ చెప్పినట్టు రాయి తల్లీ, తమ్ముడి అడ్మిషన్ ఇంకా కాలేదు!’