నన్ను నాగ్రా అంటారు

నేను పదిహేను వందల రూపాయల బ్లూటూత్ స్పీకర్‌ని. అయినా షూటింగులో పాట వినిపించేది ఏదైనా సరే, సినిమావాళ్ల నోట అది నాగ్రాయే. అసలు నాగ్రా స్విట్జర్లాండ్ టేప్‌రికార్డర్. పోలండ్‌లో పుట్టిన స్టెఫాన్ కుడెల్‌స్కీ 1951లో తయారుచేశాడు. పోలిష్‌లో ఆ మాటకి ‘రికార్డు చేస్తుంది’ అని అర్థం. నాకా, రికార్డు చెయ్యడమే రాదు. ఇంటిపేరు కస్తూరివారన్నట్టు ఉంది నా సంగతి.

మా బ్యాండు నలుగురు కుర్రాళ్లది. సొంత పాట, సొంత డబ్బు. వీడియోకి చందాలేసుకుంటే ఇరవై రెండు వేలయింది. సగం కెమెరా, లెన్సుల అద్దెకి పోయింది. మిగిలినదాంట్లో బిర్యానీ పోను లైటింగుకి రెండు థర్మకోల్ షీట్లు వచ్చాయి. నాకు అద్దె లేదు. గాయకుడి ఇంట్లో ఫ్రిజ్ మీద ఉన్నదాన్ని తీసుకొచ్చారు.

పొద్దున కృష్ణానగర్‌లో ఒక డాబా మీద మొదలైంది. “మామా, నాగ్రా!” అని డైరెక్టర్ అరవగానే మూడు బీప్‌లు కొట్టి పాటెత్తుకోవాలి. స్నేర్ డ్రమ్ము మీద తువ్వాలు, సింబల్స్‌కి టేపు. డ్రమ్మర్ ఎంత బాదినా నా గొంతు మునగకూడదు కదా! గిటారు వైరు రెండో కొస వాయించేవాడి వెనక జేబులో ఉంది. డాబా మొత్తం మీద నిజంగా మోగేది నేనొక్కదాన్నే.

స్లోమోషన్ షాట్లయితే మరీ విడ్డూరం. సెకనుకి 50 ఫ్రేములు తీసి 25 చొప్పున చూపిస్తే కదలిక సగానికి నెమ్మదిస్తుంది. పెదాలు మాత్రం పాటతో కలవాలి. అందుకని పాటని రెట్టింపు వేగంతో వినిపించాలి. నేను చిట్టెలుకలా కీచుమంటుంటే, గాయకుడు అప్పులవాడు తరుముతున్నట్టు చరణం అప్పజెప్పాడు. తెరమీద చూస్తే జుట్టు తేలిపోతూ, కళ్లు బరువుగా వాలుతూ అదంతా విరహం! అప్పట్నుంచీ నాకు ఏ విరహగీతం మీదా నమ్మకం లేదు.

పదకొండింటికి కింది వాటా అమ్మమ్మగారు పైకొచ్చారు. “ఏం బాబూ, పొద్దుట్నుంచీ అదే పాట. రెండోది లేదా?” అన్నారు. లేదన్నారు వీళ్లు. ఆవిడ కాసేపు నిలబడి చూసి, “ఆ అబ్బాయి చరణంలో రెండో మాట మింగేస్తున్నాడు,” అని దిగిపోయారు. మానిటర్లో చూసుకుంటే నిజమే. మూడు టేకులు మళ్లీ తీశారు.

సాయంత్రం ఖాజాగూడ రాళ్ల మీద వైడ్ షాట్. నన్ను కెమెరా పక్కన పెట్టారు. డ్రమ్మర్ ముప్ఫై నాలుగు మీటర్ల అవతల, గాయకుడు అందులో సగం దూరంలో. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. అంటే నా పాట డ్రమ్మర్‌ని చేరడానికి సెకనులో పదోవంతు, రెండున్నర ఫ్రేములు. గాయకుడికి అందులో సగమే. ఒకడికి సరిచేస్తే ఇంకొకడికి సింక్ తప్పుతుంది. “దీన్ని వాళ్ల మధ్యలోనే పెట్టెయ్,” అన్నాడు కెమెరామన్. అంత దూరం బ్లూటూత్ తెగిపోతుందని గాయకుడి ఫోన్‌ని వైరుతో నాకు తగిలించి, మమ్మల్నిద్దర్నీ వాళ్ల మధ్య, డ్రమ్ము ముందున్న రాతిచాటున దాచారు.

సూర్యుడు రాళ్ల మీదికి దిగాడు. పల్లవి అయింది, చరణం ఎత్తుకున్నాం. గాయకుడు చేతులు చాచి కళ్లు మూసుకున్నాడు. అప్పుడు నా గొంతులోంచి పాట పోయి రింగ్‌టోన్ వచ్చింది. వాళ్లమ్మ. ఫోన్ ఆపబోయిన డ్రమ్మర్ చెయ్యి తగిలి కాల్ కలిసింది. “తిన్నావా నాన్నా?” అన్న మాట ఖాజాగూడ రాళ్లన్నీ విన్నాయి. “తిన్నానమ్మా,” అన్నాడు గాయకుడు, అబద్ధం. నవ్వడానికీ తిట్టుకోవడానికీ అయిదు నిమిషాలు పోయాయి. ఒక్క టేక్‌కే వెలుగు మిగిలింది. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టారు గానీ, ఆ హడావుడిలో బయటికొచ్చిన నన్ను మళ్లీ రాతిచాటుకి జరపడం మరిచారు.

నేను పాడినదంతా కెమెరా మైకు పట్టింది. ఎడిటర్ నా మూడు బీప్‌లు ఆసరాగా పెదాలు కలుపుకుని, ఆ ట్రాక్ మ్యూట్ చేశాడు. వీడియోలో వినిపించేది స్టూడియోలో మిక్స్ చేసిన పాటే, నాది కాదు. ఆఖరి టేక్ దృశ్యం మాత్రం అలాగే ఉంచేశాడు, అతనికి ఉన్నది అదొక్కటే. మీ కంటబడితే రెండో చరణం దగ్గర ఆపి చూడండి. డ్రమ్ము పక్కన, ఎడమవైపు కింది మూల, రాయిలా కనిపించే నల్లటిది నేనే.