నా 73వ గడిలోని సున్నా

నేను పంచ్ కార్డును. పొడవు ఏడున్నర అంగుళాలకు కాస్త తక్కువ, వెడల్పు మూడుంబావు. గట్టి కాగితం ఒళ్ళు. ఒక మూల ఏటవాలుగా కోసి ఉంటుంది. ఆ కోత అందానికి కాదు. కట్టలో ఏ కార్డయినా తిరగబడి ఉంటే పక్కనుంచి చూడగానే తెలిసిపోవాలని. నా మీద 80 నిలువు గళ్ళున్నాయి, ఒక్కో గడిలో 12 చోట్లు. అంకె రాయాలంటే ఒక రంధ్రం, అక్షరానికి రెండు, కొన్ని గుర్తులకు మూడు. అంతకుముందు మా పెద్దవాళ్ళకు గుండ్రటి రంధ్రాలు, 45 గళ్ళు ఉండేవి. 1928లో ఐబీఎం దీర్ఘచతురస్రపు రంధ్రాలు పెట్టి అదే కాగితంలో 80 గళ్ళు ఇరికించింది.

నా బతుకు మొదలైంది కాన్పూర్ ఐఐటీలో. 1966లో అక్కడికి ఐబీఎం 7044 యంత్రం వచ్చింది. ఆంధ్ర నుంచి వెళ్ళిన ఒక కుర్రాడు రంధ్రాలు కొట్టే కీపంచ్ యంత్రం ముందు కూర్చుని నా మీద ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక వరుస కొట్టాడు. చాలా పొడవైన కూడిక అది. చివర్న 10 కలపాలి. ఒకటి 72వ గడిలో పడింది, సున్నా 73వ గడిలో పడింది.

ఫోర్ట్రాన్ నా మీద 72వ గడి దాకానే చదువుతుంది. ఆ తర్వాత ఏమున్నా దానికి లెక్కలేదు. తప్పని కూడా అనదు. కుర్రాడి ప్రోగ్రాం నిక్షేపంగా నడిచి, 10 బదులు 1 కలిపి, తప్పు జవాబును అచ్చు వేసి ఇచ్చింది. అప్పట్లో కార్డుల కట్ట కౌంటర్లో ఇచ్చి, ఫలితం కోసం ఎదురుచూడాలి. వచ్చిన కాగితం పట్టుకుని అతను లెక్కలన్నీ మళ్ళీ చేసుకున్నాడు, సూత్రాన్ని అనుమానించాడు. నా పై అంచున 10 అని స్పష్టంగా అచ్చయి ఉంది. కంటికి కనిపిస్తున్నది యంత్రానికి కనిపించడం లేదని తట్టడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు నుంచి నన్ను తన దగ్గరే దాచుకున్నాడు.

80 గళ్ళుండగా 72 దగ్గరే ఎందుకు ఆగాలి? 1957లో ఫోర్ట్రాన్ వచ్చింది ఐబీఎం 704 కోసం. ఆ యంత్రంలో ఒక పదం అంటే 36 బిట్లు. దాని కార్డు రీడర్ నా ఒక్కో అడ్డువరుసను రెండు పదాల్లోకి తీసుకునేది. రెండు ముప్పయ్యార్లు 72. మిగిలిన ఎనిమిది గళ్ళను వరుస నంబర్లకు వదిలేశారు. వందల కార్డుల కట్ట చేజారి నేల మీద చెల్లాచెదురైతే, ఆ నంబర్లను బట్టి సార్టర్ యంత్రం మళ్ళీ వరుసలో పెట్టేది. నంబర్లు కొట్టే ఓపిక లేని విద్యార్థులు కట్ట పై అంచు మీద ఏటవాలుగా ఒక గీత గీసుకునేవారు. గీత చెదిరితే వరుస తప్పినట్టు.

ఆ కుర్రాడు ఇప్పుడు తాతయ్య. నేను హైదరాబాదులో అతని మనవరాలి బల్ల మీద, మానిటర్ కాలికి ఆనుకుని ఉన్నాను. ఆమె లినక్స్ కెర్నల్‌కు డ్రైవర్లు రాస్తుంది. కోడ్ మార్చిన ప్రతిసారీ ఏం మార్చిందో, ఎందుకు మార్చిందో ఒక కమిట్ మెసేజ్ రాయాలి. దాన్ని భద్రపరిచేది గిట్. 2005 ఏప్రిల్లో లైనస్ టోర్వాల్డ్స్ కెర్నల్ పని కోసమే దాన్ని మొదలుపెట్టాడు. మెసేజ్‌లో మొదటి వరుస 50 అక్షరాల్లోపు ఉండాలి, రెండో వరుస ఖాళీగా వదలాలి, కింది వివరణ 72 దగ్గర మడవాలి అన్నది గిట్ వాడేవాళ్ళలో బాగా పాతుకున్న పద్ధతి. 2008లో టిమ్ పోప్ అనే ప్రోగ్రామర్ రాసిన చిన్న వ్యాసం దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది.

ఈ 72 నా వారసత్వమేనని చెప్పుకోవాలని నాకెంత ఆశ ఉన్నా, లెక్క వేరు. కమిట్లను చూపే గిట్ లాగ్ కమాండ్ వివరణను ఎడమవైపు నాలుగు ఖాళీలు వదిలి చూపిస్తుంది. కుడివైపు కూడా అంతే వదిలితే, 80లో మిగిలేది 72. అయితే ఆ 80 ఎక్కడిది? 1978 నాటి వీటీ100 టెర్మినల్ వెడల్పు 80 అక్షరాలు. ఆ వెడల్పులో నా పోలిక ఉందని మాత్రం గర్వంగా చెప్పగలను. కెర్నల్ వాళ్ళ కొలత మళ్ళీ కొంచెం వేరు. మొదటి వరుసకు 70 నుంచి 75 దాకా ఒప్పుకుంటారు, వివరణ 75 దగ్గర మడవమంటారు.

ఒక సాయంత్రం తాతయ్య అడిగాడు: "ఇంత పెద్ద స్క్రీన్ పెట్టుకుని ఇంకా మా కాలంలా లెక్కపెట్టుకోవడం ఏమిటమ్మా?"

"నా స్క్రీన్ పెద్దదే తాతయ్యా. చదివేవాళ్ళది ఎంతో నాకేం తెలుసు?" అందామె.

ఆ మాట నాకు నచ్చింది. కెర్నల్ మార్పులు ఈమెయిల్లో వెళ్తాయి. మొదటి వరుస ఆ ఉత్తరానికి సబ్జెక్ట్ అవుతుంది, దాని ముందు ప్యాచ్ అన్న గుర్తూ, ఎన్నింటిలో ఎన్నోదన్న అంకెలూ చేరతాయి. జవాబిచ్చేవాళ్ళు ఉటంకించిన ప్రతిసారీ ప్రతి వరుస ముందూ ఒక బాణం గుర్తు పెరుగుతుంది. అంచు దాకా నింపిన వరుస రెండు జవాబులకే విరిగి, చదవడానికి వీల్లేకుండా పోతుంది. గిట్ తనంతట తాను వరుసలు మడవదు, రాసింది రాసినట్టే చూపిస్తుంది.

మొదటి వరుస పొడవైతే నష్టం ఇంకా ఎక్కువ. కమిట్‌కు ఒక వరుస చొప్పున చూపే జాబితాల్లో చోటు తక్కువ. అందులో "పరికరం నిద్రలేచినప్పుడు డేటా" అని కనిపించి మిగతాది తెగిపోతే, చదివేవాడికి ఏం తెలుస్తుంది? డేటా పోతోందా, పోకుండా ఆపారా? నా 73వ గడిలోని సున్నా గతే దానిదీ. రాసినవాళ్ళకు కనిపిస్తుంది, చదివేవాళ్ళకు అందదు. అందుకే ఆమె "నిద్రలేచాక డేటా పోకుండా ఆపు" అని ముందు రాసుకుని, ఎందుకు పోతోందో, ఏ సందర్భంలో బయటపడిందో కింద వివరిస్తుంది. మధ్యలో ఖాళీ వరుస మర్చిపోతే గిట్ ఆ పేరా మొత్తాన్నీ సబ్జెక్టుగా లెక్కేస్తుంది.

"ఫిక్స్" అని ఒక్క ముక్క రాసి వదిలేసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. 50 అక్షరాలంటే తక్కువేం కాదు. ఏ భాగంలో, ఏం మారిందో చెప్పడానికి చాలు. ఆ చోటులో పట్టడం లేదంటే, తరచుగా ఒకే కమిట్లో రెండు పనులు కలిపేశారని అర్థం. అప్పుడు మాట కుదించడం కాదు, కమిట్‌ను విడగొట్టాలి. అలాగని 50 దాటిందని అసలు విషయాన్ని కోసేయడమూ తగదు. 58 అయితే 58 రాయండి. నా 72 యంత్రం గీసిన గీత, ఈ 50 మనుషులు చదివే తీరును చూసి పెట్టుకున్న గీత.

తెలుగులో రాస్తే ఈ లెక్క ఎలా కుదురుతుందో నేనూ ఆలోచించాను. నా మీద ఒక అక్షరానికి ఒక గడి. "లక్ష్మి"లోని "క్ష్మి" కంటికి ఒకే గుంపు, కంప్యూటర్ దాచేది మాత్రం ఆరు సంకేతాలుగా, యూటీఎఫ్-8లో 18 బైట్లుగా. బైట్లు లెక్కపెట్టే పరికరం తెలుగు వరుసను పొడవైపోయిందని ఊరికే తప్పుపడుతుంది. తెలుగుకు కంటి కొలతే న్యాయం: వరుస తెర మీద ఎంత చోటు పడుతోందో చూసుకోవాలి.

మడవకూడనివీ ఉన్నాయి. ఎర్రర్ లాగ్ వరుసలు, లింకులు, కమాండ్లు. మధ్యలో విరిచేస్తే రేపు అదే ఎర్రర్ ఎదురైన మనిషి దాన్ని కాపీ చేసి వెతికినప్పుడు ఈ కమిట్ దొరకదు. ఫోర్ట్రాన్‌లో వరుస మిగిలిపోతే తర్వాతి కార్డు ఆరో గడిలో గుర్తు పెట్టి కొనసాగించేవారు, యంత్రం రెంటినీ కలిపి చదువుకునేది. కమిట్ మెసేజ్‌లో అలా కలిపి చదివేవాళ్ళు లేరు. అందుకే మనవరాలు వివరణంతా 75 దగ్గర మడిచినా, పరికరం ఇచ్చిన ఎర్రర్‌ను ఎంత పొడవున్నా ఒకే వరుసలో ఉంచుతుంది.