జీఎస్టీ అదనం

హన్మకొండలో ఏ చౌరస్తాలో ఆగినా ఓ అంతర్జాతీయ అవార్డు గ్రహీత ఫ్లెక్సీలోంచి మనకు దండం పెడుతూ ఉంటాడు. మొన్న ఆ భాగ్యం నాకూ పట్టబోయింది. "సార్, ఇంటర్నేషనల్ అవార్డుకు మీరు సెలెక్ట్ అయిన్రు" అని ఫోను. "నేనేం సాధించిన్నని?" అంటే, "అది మీరే రాసి పంపాలె సార్" అన్నాడు. శాలువా, మెమెంటోకు ఒక రేటు. గౌను, టోపీతో గౌరవ డాక్టరేటుకు ఇంకో రేటు. జీఎస్టీ అదనం. ఫొటో దిగగానే గౌను మాత్రం విప్పి ఇచ్చేయాలి, వెనక లైన్లో జనం ఉంటారు.

పాపం, నోబెల్ వాళ్లకు 1901 నుంచీ ఇస్తున్నా వ్యాపారం ఒంటబట్టలేదు. తన పేరు తానే పంపుకుంటే అక్కడ చెల్లదు. ఇక్కడ అదే మొదటి అర్హత. ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరు. మనం హాలు పట్టినంత మందికి పంచుతాం. ఎవరి పేర్లు పరిశీలనకు వచ్చాయో 50 ఏళ్లదాకా బయటపెట్టరు. మనం ఫ్లెక్సీ ముందే కొట్టిస్తాం. పైగా ఒక్కో బహుమతికి కోటి పది లక్షల స్వీడిష్ క్రోనర్లు వాళ్లే ఎదురిస్తారట!

మనవాళ్లలోనూ ఇలాంటి అమాయకులున్నారు. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన గుడి యునెస్కో గుర్తింపు కోసం 2021 దాకా, అంటే 808 ఏళ్లు ఆగింది. అదీగాక డబ్బు పెట్టినాయన పేరు పోయి, శిల్పిదని చెప్పుకునే రామప్ప పేరు నిలిచింది. స్పాన్సర్ ఫొటో లేని సన్మానం ఎక్కడన్నా ఉంటుందా? మన కాళోజీకి పద్మవిభూషణ్ వచ్చింది 1992లో, 77 ఏళ్ల వయసులో. ప్యాకేజీ కట్టి ఉంటే మీసాలు రాకముందే పని అయిపోయేది.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజిది ఇంకో దారి. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో ఉరికి కాంస్యం గెలిచింది. అంతసేపట్లో మన గ్రహీత గౌను చేతుల్లో చేతులు కూడా దూర్చలేడు.

సిగ్గుపడతాడేమోనని ఈ మాటే ఫోన్లో అన్నాను.

"మంచి ఐడియా ఇచ్చిన్రు సార్!" అన్నాడు హుషారుగా. "ఆమెను చీఫ్ గెస్ట్‌గా పిలుద్దాం. పక్కన నిలబడి ఫొటో దిగుడు ఫుల్ ప్యాకేజీల పెడతం."